తెర వెనక కాఫీ

కొత్త ఊరు వెళ్ళినప్పుడు ముందు ఆ ఊరి గుడి చూడాలంటారు పెద్దలు. నా మటుకు నేను దేవుణ్ణి కాస్త ఆగమని, ముందు హోటలు చూస్తాను. ఆకలి ఒక్కటే కారణం కాదు లెండి. ఆ ఊరి మాట ఎలా ఉంటుంది, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్నవి పది నిమిషాల్లో తెలిసిపోయే చోటు హోటలే. గుళ్ళో అందరూ ఒద్దికగా ఉంటారు. హోటల్లో అసలు రంగు బయటపడుతుంది.

ఐర్లండ్ వెళ్ళే యాత్రికులకీ ఇలాంటి సరదా ఒకటుంది. కారు వేసుకుని చిన్న చిన్న ఊళ్ళు తిరుగుతూ, ఊరికో పబ్‌లో కాసేపు కూర్చుని వస్తారు. పబ్ అంటే మన బెంగుళూరులో చెవులు చిల్లులుపడేలా పాటలు పెట్టే చోటు కాదండీ. 'పబ్లిక్ హౌస్' అన్న మాట పొట్టిదై పబ్ అయింది. అంటే అందరి ఇల్లు అన్నమాట. అక్కడి పల్లెల్లో ఒకప్పుడు చాలా పబ్బులు పచారీ కొట్లు కూడాను. ముందు బల్ల మీద టీ పొడి, పంచదార తూచి ఇచ్చేవారు, వెనక బల్ల మీద బీరు పోసేవారు. కొన్నిచోట్ల శవపేటికల వ్యాపారమూ ఆ యజమానిదే. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అన్నీ ఆ గుమ్మంలోనే.

ఇంతకీ నన్ను ఆకట్టుకున్నది ఆ పబ్బుల్లో ఒక మూలన ఉండే చిన్న చెక్క గది. దాన్ని 'స్నగ్' అంటారు. దానికో తలుపు, లోపలివాళ్ళు కనిపించకుండా మసక అద్దం, గ్లాసు అందించడానికి బుల్లి కిటికీ. ఎవరికోసమనుకున్నారు? ముఖ్యంగా ఆడవాళ్ళకోసం. నలుగురి కంట పడకూడదనుకునే చర్చి ఫాదరు, డ్యూటీలో ఉన్న పోలీసు కూడా అందులోనే దూరేవారు. అందరి ఇంట్లో ఆడవాళ్ళ వాటా ఆ నాలుగు చెక్కలూ!

ఈ సంగతి చదివినప్పుడు నా కళ్ళ ముందు ఐర్లండ్ మెదల్లేదు. అనంతపురం జిల్లా హోటళ్ళలో ఆకుపచ్చ తెర వేలాడే ఫ్యామిలీ రూము మెదిలింది.

మా వదినది హిందూపురం. మొన్న వేసవిలో పుట్టింటికి బయల్దేరుతూ నన్నూ రమ్మంది. దారిలో ఊరికో హోటలు చూద్దామని నా షరతు. ఒకప్పుడు ఒకే అనంతపురం జిల్లా, 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయి రెండయింది. రెండు జిల్లాలైనా ఎండ ఒకటే, నేల ఒకటే.

మొదటి మజిలీ గుత్తి. మెట్టెక్కామో లేదో, బల్ల తుడుస్తున్న కుర్రాడు లోపలికి చెయ్యి చూపించాడు.

"ఫ్యామిలీ లోపలికి పోండమ్మా."

"ఫ్యామిలీని ఇంట్లో పెట్టి వచ్చినాం నాయనా. మేమిద్దరమే" అంది వదిన, గుమ్మం దగ్గరి బల్ల ముందు కూర్చుంటూ.

ఆ కుర్రాడు ఒక్క క్షణం గల్లా దగ్గరున్న పెద్దాయన వైపు చూశాడు. ఆయన మా వైపు చూశాడు. తర్వాత "ఏం గావల్లమ్మా?" అన్నాడు. ఉగ్గాని, బజ్జీ తెమ్మన్నాం. నానబెట్టిన బొరుగులకి తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారే, అదీ. కోస్తా వాళ్ళకి ఇడ్లీ ఎలాగో ఈ సీమకి ఉగ్గాని అలాగ.

గుత్తిలో కోట అందరూ చూస్తారు. ఇంకో పాత గుర్తు కూడా ఆ ఊరికుంది, మన్రో సత్రం. 1800లో నిజాం నవాబు ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. స్కాట్లండ్ మనిషి. అనంతపురంలో కచేరీ పెట్టి 1807 దాకా పనిచేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి ముగిసే రోజుల్లో ఈ సీమను మళ్ళీ ఒకసారి చూడాలని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో అస్థికల్ని మద్రాసు తీసుకెళ్ళారు. ఆయన పేరున ఇక్కడ సత్రమూ కోనేరూ వెలిశాయి. ఈ ప్రాంతంలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారంటే, ఆ దొర మీద ఎంత అభిమానమో చూడండి.

దొరగారి జ్ఞాపకానికి ఇక్కడ సత్రమే ఎందుకు కట్టారో ఈ నేల చూస్తే అర్థమవుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలా వాన కురిసేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరాన్ని తడిపేసరికి అలిసిపోతాయి. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఇలాంటి చోట బాటసారికి నీడా నీళ్ళూ ఇవ్వడం కంటే పెద్ద పుణ్యం ఏముంది? సత్రం, చలివేంద్రం, రాతి కోనేరు, ఇవే ఈ సీమకి తొలినాటి 'అందరి ఇళ్ళు'. అయితే ఆ అందరిలో అందరూ లేరు. చాలా సత్రాల్లో వండి వడ్డించేది బ్రాహ్మణులకే. కొందరికి అరుగు మీద చోటు, కొందరికి చెట్టుకింద చోటు. కొందరికి దోసిట్లో ఎత్తి పోసిన నీళ్ళు.

గుత్తి నుంచి అనంతపురం వస్తే ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. 14వ శతాబ్దంలో, విజయనగరం బుక్కరాయల కాలంలో, పండమేరుకి అడ్డంగా కట్ట వేసి దీన్ని తవ్వించారు. ఈ కట్ట కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకసారి చెరువు నిండి కట్ట తెగబోతే, ఒక ఇంటి చిన్నకోడలు బలి అయితేగానీ ఆగదని ఆకాశవాణి పలికిందట. పేరుకి ముసలమ్మేగానీ పసిబిడ్డ తల్లి, పడుచు. అత్తమామలకి నమస్కారం పెట్టి గండిలో నిలబడిందట. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథనే 'ముసలమ్మ మరణము' అని కావ్యం చేశారు. ఇది జరిగిందా లేదా అని వాదించేవాళ్ళని వాదించుకోనివ్వండి. ఊరందరి నీళ్ళకోసం ప్రాణం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆకాశవాణికి ఎవరి పేరు గుర్తొచ్చిందో అది మాత్రం నిజం.

మరి కాఫీ హోటళ్ళు ఎప్పుడొచ్చాయంటారా? ముందు రైలు రావాలి. మద్రాసు నుంచి బయల్దేరిన రైలుదారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. 1890ల్లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు దారి పడింది. రైల్లో కులానికో పెట్టె పెట్టడం కుదరలేదు. ఆ బెంగ స్టేషన్లో తీర్చుకున్నారు. దొరలకో ఫలహారశాల, హిందువులకో గది, ముస్లిములకో గది. కుండలో నీళ్ళకి కూడా మతం ఉండేది ఆ రోజుల్లో.

పొరుగునే కాఫీ పండే చిక్కమగళూరు, అటుపక్క వంటకి పేరుబడ్డ ఉడిపి. ఆ రుచి సరిహద్దు దాటి ఈ ఊళ్ళలోకి రావడం కష్టం కాలేదు. తొలినాళ్ళ దక్షిణాది హోటళ్ళకి 'బ్రాహ్మణ కాఫీ హోటలు' అనీ, 'కాఫీ క్లబ్బు' అనీ బోర్డులుండేవి. వంటవాడి కులం చెప్పే బోర్డు అది, తినేవాడి ధైర్యం కోసం. 1930ల్లో టీ కంపెనీల వాళ్ళు సంతల్లో, స్టేషన్లలో ఊరికే టీ పోసి మరీ అలవాటు చేశారు. పల్లెల్లో టీ కొట్లు వచ్చాయి. వాటితోపాటు రెండు గ్లాసుల పద్ధతీ వచ్చింది. కొందరికి లోపల బల్ల మీద గ్లాసు, దళితులకి బయట చూరులో దోపిన గ్లాసు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి పోవాలి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దీన్ని నేరం చేసింది. చట్టం వచ్చిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా చూరు కింద ఆ గ్లాసు తొంగిచూస్తూనే ఉండేది.

దళితుడికి బయట గ్లాసు ఉంది. మరి ఆడదానికి? ఏ కులం ఆడదైనా సరే, దర్జాగా ఇంట్లో ఉన్నదానికి అసలు గ్లాసే లేదు! హోటల్లో తినడమా, అప్రదిష్ట! దళిత స్త్రీకి రెండు గుమ్మాలూ మూతే. నా చిన్నతనంలో, అంటే 1980ల్లో, బస్సు ఆగగానే మా నాన్నగారు దిగి హోటల్లో కాఫీ తాగి, మా అమ్మకి ఒక గ్లాసు కిటికీలోంచి అందించేవారు. కండక్టరు విజిల్ వేసేలోగా అమ్మ ఆ కాఫీని ఊదుకుంటూ, సగం తాగి సగం పారబోసి గ్లాసు వెనక్కిచ్చేది. అసలు ప్రయాణం అనగానే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం తగ్గించేది. దారిలో ఎక్కడికి వెళ్తుంది పాపం? కరువు సీమలో ఆడదానికి అదొక రెండో కరువు. ఇది ఏ వానా తీర్చేది కాదు.

అందుకని ఆ ఆకుపచ్చ తెరని తిట్టడానికి నాకు నోరు రాదు. మా అమ్మ మొదటిసారి కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, వేడివేడి దోసె తిన్నది ఆ తెర వెనకాలే. బిడ్డకి పాలివ్వాల్సిన తల్లికి, పొద్దుట్నుంచి కొంగు సర్దుకుని అలిసిపోయిన ముసలావిడకి ఆ తెర పెద్ద ఆసరా. గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళని గదిలోకి రమ్మంది గదా! చిక్కల్లా ఎక్కడంటే, ఒక మెట్టుగా వేసిన తెర గోడగా నిలిచిపోవడంలో. పైగా ఆ గది పేరు చూడండి, ఫ్యామిలీ. మగవాడు ఒక్కడే వస్తే మనిషి. ఆడది ఒక్కతే వస్తే ఫ్యామిలీ.

అనంతపురం దాటి పెనుకొండ వైపు సాగాం. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు వచ్చి తలదాచుకున్న కోట ఇది. ఆ పక్కనే కియా కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టింది. దాంతో ఈ దారిలో కొరియా అక్షరాల బోర్డులు, కొరియా వంటల హోటళ్ళు వెలిశాయి. ఎక్కడి సియోల్, ఎక్కడి పెనుకొండ! పరాయి దేశపు నాలికకి రెండేళ్ళలో బల్ల వేశారు. వ్యాపారం తలుచుకుంటే చోటు చెయ్యడం ఎంతసేపు చెప్పండి.

హిందూపురంలో వదిన చిన్ననాటి వీధి చివర ఒక మద్యం దుకాణం. దాన్ని చూసి మొహం తిప్పుకుంది. అసలు పబ్ అన్న మాటకి మన దగ్గర సూటిగా సరిపోయేవి కల్లంగళ్ళు, సారా దుకాణాలే కదా. వాటి చరిత్ర ప్రభుత్వ ఖజానా చరిత్ర. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో కల్లుకుండ సర్కారు పద్దులో గట్టిగా కూర్చుంది. 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, పోయిన ఆదాయం పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. 1948 నాటికి రాష్ట్రమంతా నిషేధం. 1960ల చివరికి ఆంధ్రప్రదేశ్‌లో అది సడలిపోయింది. 1980ల్లో సారా ప్యాకెట్లలో ఇల్లిల్లూ చేరింది.

ఆ దుకాణం మెట్లు ఆడవాళ్ళు గుంపుగా ఎక్కింది తాగడానికి కాదు, మూయించడానికి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని లేచారు. రోసమ్మలాంటివాళ్ళు ముందు నిలిచారు. ఊరు ఊరూ అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలిపోయింది. పోతే పోయింది, ఊళ్ళో నలుగురు మగాళ్ళు కూర్చునే చోటు ఎలా ఉండాలో చెప్పే హక్కు తమకుందని ఆ తల్లులు తేల్చేశారు.

ఆడవాళ్ళకి ఏ తెరా కట్టకుండా చోటిచ్చిన 'అందరి ఇల్లు' ఒకటుంది ఈ సీమలో. గంజికేంద్రం. 1876-78 కరువు ఈ జిల్లాల్ని ఊడ్చేసింది. 1952 కరువులో రాయలసీమలో గంజికేంద్రాలు తెరిచారు. ముంత పట్టుకుని, బిడ్డని చంకనేసుకుని, ఎండలో వరసలో నిలబడడానికి ఆడదానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పస్తు ఉన్నప్పుడు పరువు గుర్తురాదు. కడుపు నిండాకే తెరలు.

హిందూపురం నుంచి కదిరి వెళ్ళాం. కదిరి నుంచి దక్షిణంగా పోతే మదనపల్లె. ఇక్కడే ఐర్లండ్‌తో మనకో చుట్టరికం కలుస్తుంది. మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ, తన దేశంలో స్త్రీలకి ఓటు కోసం పోరాడి జైలుకెళ్ళి, 1915లో భర్తతో మన దేశం వచ్చింది. 1917లో అడయారులో భారత మహిళా సంఘం స్థాపించినవారిలో ఆవిడ ఒకరు. ఆ ఏడే మన స్త్రీలకి ఓటు కావాలని మాంటేగు దొరని కలిసిన సరోజినీ నాయుడి బృందం వెనక ఉన్న చెయ్యీ ఆవిడదే. 1919లో మదనపల్లె కాలేజీకి రవీంద్రుడు వచ్చినప్పుడు, 'జనగణమన'కి స్వరాలు కూర్చింది కూడా ఈవిడే.

ఐర్లండ్ నుంచి మనం తెచ్చుకున్నది ఇంకోటి ఉంది. మన రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాలనే భాగానికి ఐర్లండ్ రాజ్యాంగమే నమూనా. తమాషా చూడండి. పబ్బుల దేశం నుంచి తెచ్చుకున్న గిన్నెలో మనం మద్యనిషేధం పోసుకున్నాం. 47వ అధికరణం అదే!

కానీ అప్పు తెచ్చుకోకుండా మన సొంతంగా రాసుకున్నదొకటి ఉంది. 15వ అధికరణం రెండో భాగం. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టిన చోటు, ఈ కారణాలతో ఎవరినీ దుకాణాలకీ హోటళ్ళకీ, అందరికోసం ఉన్న బావులకీ చెరువులకీ రోడ్లకీ దూరం పెట్టకూడదంటుంది. చెరువూ హోటలూ ఒకే వాక్యంలో! ముసలమ్మ కట్టా, ఆకుపచ్చ తెరా, చూరులో గ్లాసూ అన్నీ అందులో పట్టేశాయి. ఇది 1950 నాటి మాట. పబ్బుల దేశంలోనో? 1970ల్లో నెల్ మెకాఫర్టీ అనే పత్రికా రచయిత్రి ముప్పై మంది ఆడవాళ్ళతో డబ్లిన్ పబ్‌కి వెళ్ళి ముప్పై బ్రాందీలు తెప్పించి, ఆ తర్వాత ఒక్క పింట్ బీరు అడిగిందట. ఆడవాళ్ళకి పింట్ పొయ్యమన్నారు. అయితే బ్రాందీలకి డబ్బూ ఇవ్వమని అందరూ లేచి వచ్చేశారట. అక్కడ అలాంటి నిరాకరణని గట్టిగా నిషేధించే చట్టం 2000లో గానీ రాలేదు. మనం యాభై ఏళ్ళు ముందున్నాం, కాగితం మీద.

కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను చూశాం. సుమారు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 15వ శతాబ్దంలో భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ పేరున, ఆ చితి గుంజ చిగిర్చి ఈ చెట్టయిందని చెబుతారు. ఈ మండే సీమలో ఇంత నీడ మరెక్కడా లేదు. అది ఒక ఆడదాని పేరున ఉంది. ఆవిడ కాలితేగానీ ఆ నీడ రాలేదని కథ చెప్పడం నాకు మింగుడుపడలేదు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క వేపచెట్టు కింద కూలిపనికి వచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది కూర్చున్నారు. ఒక పిల్లవాడు ఎదురుగా ఉన్న హోటలు నుంచి ప్లాస్టిక్ కవరులో టీ తెచ్చిస్తే, చిన్న చిన్న కప్పుల్లో పంచుకుంటున్నారు. హోటల్లో బల్లలు ఖాళీగానే ఉన్నాయి.

"లోపల కూర్చోని తాగొచ్చు కదమ్మా, ఫ్యాను ఉంది" అంది వదిన.

ఒకావిడ నవ్వింది. "మగోళ్ళు కూచునేది గదమ్మా అది. మాకేం, ఈడ బాగుంది" అంది. ఇంకో పడుచుపిల్ల మాత్రం హోటలు వైపు ఒకసారి చూసి, "రేపు పోదాం పాక్కా" అంది, సగం నవ్వులాటగా. మిగతావాళ్ళు పకపకా నవ్వేశారు. ఆ పిల్ల నవ్వలేదు.

మీరు ఈసారి ఏ ఊరైనా వెళ్ళి, హోటలు మెట్టెక్కగానే "ఫ్యామిలీ లోపలికి" అన్న మాట వినబడితే, మీకు లోపల హాయిగా ఉంటుందనుకుంటే లోపలికే వెళ్ళండి. తప్పేం లేదు. గాలి బాగా వచ్చేది బయటి బల్ల దగ్గరనిపిస్తే అక్కడ కూర్చోండి. కాఫీ చల్లారనివ్వకుండా తాగండి, మంచినీళ్ళు కూడా కడుపునిండా తాగండి. లేచేముందు బాత్‌రూము ఎక్కడని గట్టిగానే అడగండి. లేదంటే, ఎందుకు లేదో కూడా అడగండి.